ఎన్నో ఇల్లు

పిల్లి తన కూనలను ఏడిండ్లు తిప్పుతదంటరు.
మాది ఎన్నో ఇల్లో
వచ్చినది ఎన్నడూ చెప్పదు.

కొత్తవాడల, ఒకప్పుడు జంపఖానాలు నేసిన షెడ్డు.
మగ్గాలు రెండు అమ్ముడుపోయినయి, ఒకటి పోలేదు.
ఆ ఒక్కదాని గుంతల
పాత గొంగడి పరిచి, అరవై వాట్ల బల్బు వేలాడదీసి
అనసూర్యక్క మొదటి కూనను పండవెట్టిన నాడు
గోడ మీద సున్నంతోని రాసింది:
"ఇక్కడ పిల్లులను వదిలిపోవద్దు."
తెల్లారి చూస్తే
ఆ రాత కిందనే మూడు.

ఫోన్లు వస్తయి.
కాజీపేటల గూడ్సు పెట్టె కింద ఒకటి అరుస్తున్నదని,
పెద్దమ్మగడ్డ కాడ మోరీల పడ్డదని,
కొత్త ఫ్రిజ్ అట్టడబ్బాల పెట్టి, తాడు కట్టి
వడ్డేపల్లి కట్ట మీద ఎవరో ఇడిచిపోయిన్రని.
కొమురెల్లి ఆటో తీస్తడు.
"పిల్లి ఎదురొస్తే బండి మర్లేసుకొని ఇంటికి పోయేటోన్ని,
ఇప్పుడు ఎదురొస్తేనే బోణీ" అంటడు.
పెట్రోలు పైసలు మాత్రం అడుగుతడు. అడగాలె కూడా.

రెండు గంటలకోపారి పాలు.
ఆవుపాలు పడవు,
కడుపులుబ్బి రెండు పోయినంక నేర్చుకున్నం.
సూది తీసిన సిరంజీ, గోరువెచ్చని పొడిపాలు,
తాగినంక తడి దూదితోని కింద తుడవాలె.
తల్లి నాలుక అనుకుంటది, అప్పుడు పోస్తది ఉచ్చ.
రాత్రి మూడింటికి
అరచెయ్యంత జీవి నా లుంగీ తడిపిందని
సంబరపడ్డ.
ఎవరికని చెప్పుకోను.

రిజిస్టరు నేనే రాస్త.
దొరికిన జాగ, రంగు, కండ్లు తెరిచిన తేది,
ఎవరు తీస్కపోయిన్రు.
ఆఖరి గడిల కొన్నిటికి ఉత్త గీత గీస్త.
గీతంటే ఏందో అక్కకు తెలుసు.
ఆ పేజీలు తిప్పదు.

ఆదివారం పెంచుకుంటమని వస్తరు.
తెల్లది కావాలె, నీలి కండ్లది ఉన్నదా,
మాకసలే జాలి ఎక్కువ, అంటరు.
"మీకున్నది సరే," అంటది అక్క,
"మీ కిటికీలకు ఉన్నదా జాలి?
మూడో అంతస్తు అంటిరి గదా."

నల్లదాన్ని ఎనిమిది నెలలు ఎవరూ అడగలే.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ చేసే నర్సు సుగుణవతి వచ్చింది,
నిద్ర కండ్లతోనే.
"పగటీలి పండుకుంటే మా వాడకట్టోళ్లకు నేను వింత.
పగలు పండుకునేది ఇంకోటి ఇంట్లుంటే
జర ధైర్యం."
ఒళ్లె పెట్టుకొనే సంతకం పెట్టింది.
ఆ గడిల పేరు రాస్తుంటే
నా రాత ఎన్నడు లేనంత గుండ్రంగ వచ్చింది.

ఇగ ఎనుమాముల యార్డుల
మిర్చి బస్తాల సందుల ఈనిన చారల పిల్లి సంగతి.
ఘాటుకు కండ్లు కారుకుంట వచ్చింది, నాలుగు కూనలతోని.
నాలుగోది బక్కది, చన్ను అందకపోయేది,
దానికి నా సిరంజీయే.
మంగళారం తల్లికి ఆపరేషనని డాక్టరు కార్డు రాసిచ్చిండు.
సోమారం రాత్రి
రేకు సందులకెల్లి ఒకదాన్ని మెడ పట్టి తీస్కపోయింది.
మల్ల వచ్చింది. ఇంకోదాన్ని.
మల్ల.

ఒక్క ఇటుక అడ్డం పెడితే ఆగుతుండె.
బయట కుక్కలున్నయి, లారీలున్నయి, తెలుసు.
నాలుగోపారి వచ్చేసరికి
బక్కది నా చేతుల పాలు తాగుతున్నది.
గుంత అంచు మీద కూసున్నది తల్లి.
అరువలే, గురాయించలే.
ఉత్తగ చూసింది, లైన్ల తన వంతు కోసం నిలబడ్డట్టు.
సిరంజీల ఇంకో రెండు చుక్కలున్నయి.
అవి పట్టిచ్చిన.
తుడిచిన.
కింద పెట్టిన.

ఎవరు తీస్కపోయిన్రు అన్న గడిల
తల్లి అని రాసి, అడ్రసు కాడ ఆగిన.

కిటికీలకు జాలి ఉన్నదా అని అడగొద్దా,
ఆపరేషన్ గూడ కాకపాయె,
అని పొద్దున అక్క తిట్టింది.
తిట్టుకుంటనే పోయి
ఆ రేకు సందు కాడ
ఒక గిన్నెడు నీళ్లు పెట్టొచ్చింది.