రిమోటు

ముందు ఫోన్లు వచ్చేవి.
పాలు కాగుతుండగా ఒకటి, అన్నం వార్చేవేళ ఒకటి.
ఆడపిల్ల గొంతు, మెత్తగా,
"మేడమ్, ఇవాళే డేటండీ" అనేది.
మూడో వారానికి గొంతు మారింది.
మగాడు. ఈ వైపువాడు కాదు,
మాటలో ఆయ్ లేదు, అండీ లేదు.
"మీ పక్కింటివాళ్ళ నంబరు కూడా మా దగ్గరుంది" అన్నాడు.
ఉంటే ఉండనీ,
మంగతాయారుకి మా సంగతి నాకన్నా ముందే తెలుసు.

తర్వాత బండి మీద ఇద్దరు కుర్రాళ్ళు.
అరుగు మీద కూర్చుని, కదలమన్నారు.
చిన్నవాడికి చెప్పు తెగింది,
పిన్నీసు ఇచ్చాను.
పెట్టుకుని, లేచి,
మళ్ళీ మొదటినుంచీ తిట్టాడు.

ఇవాళ అమీనా వచ్చాడు.
ముమ్మిడివరం కోర్టు నుంచి, మోపెడ్ మీద,
వెనక బంట్రోతు, ఆ వెనక మేతకొట్టు గుమాస్తా.

రెండెకరాల చెరువు.
నలభయ్యో రోజున తెల్లమచ్చ.
తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టుకి తలలు ఆన్చి
ఏదో అడగడానికొచ్చినట్టు ఉన్నాయి.
అవి పోయినా అవి తిన్న మేత బాకీ బతికే ఉంది.
మేం పెంచినవాటిలో
ఏపుగా ఎదిగింది అదొక్కటే.

"మంచినీళ్ళిప్పించండమ్మా" అన్నాడు ముందు.
తాగి, గ్లాసు తిరగేసి చూశాడు.
అడుగున మా అమ్మ పేరు, చుక్కలు చుక్కలుగా.
"రాసుకోండి" అన్నాను.
"వంటపాత్రలు మేం ముట్టుకోమమ్మా.
కట్టుబట్టలు, మంచం, పక్క, పుస్తెలు కూడా."
వందిళ్ళలో అప్పజెప్పి అరిగిపోయిన మాటలు.

మంచం మీద మా ఆయన.
రాత్రంతా ఇంకొకరి చెరువు కాపలా కాసి
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
మంచం జప్తు కాదు, దుప్పటి జప్తు కాదు,
రెంటి మధ్యా ఉన్నవాడి మాట
చట్టంలో ఏముందో నేనడగలేదు.
అమీనా గొంతు తగ్గించాడు.
బంట్రోతు ఫ్రిజ్జు లాగబోతే
"ఎత్తి పట్టుకోరా, ఈడ్చకు" అన్నాడు.

ఇంజను ఒకటి. ఏరేటర్లు నాలుగు.
ఫ్రిజ్జు. మోటారుసైకిలు.
"టీవీ?" అన్నాడు.
"లేదండి."
గోడకి మేకులు రెండు, వాటి కింద
నలుచదరంగా పొగచూరని సున్నం.
ఆ గోడకవతల మంగతాయారింట్లో
మా టీవీ
సీరియల్లో అత్తగారి గొంతుతో అరుస్తోంది.
రాత్రే చాపలో చుట్టి మోసుకెళ్ళాం, శవాన్ని మోసినట్టు,
మా చిన్నోడు కాళ్ళవైపు పట్టుకున్నాడు.
తగ్గించవే తల్లీ, అని
లోపల్లోపల వెయ్యి దండాలు పెట్టాను.

తగ్గించలేదు.
ఎలా తగ్గిస్తుంది?
దాని పక్క మీటలు ఎప్పుడో ఊడిపోయాయి.
రిమోటు నా కిటికీలో ఉంది.

నేను చూశాను. గుమాస్తా ఇంకా చూడలేదు.
అమీనా చూశాడు.
కళ్ళజోడు మీంచి ఒకసారి దాన్ని,
ఒకసారి గోడని, ఒకసారి నన్ను.
చంకలోని అట్టఫైలు తీసి
కిటికీలో పెట్టాడు, దాని మీద.
ఆ ఫైలు మీదే కాయితం ఆన్చి రాశాడు:
టీవీ, లేదు.

"అదేంటండీ, వినపడతా ఉంటే!" అన్నాడు గుమాస్తా.
"వినపడేవన్నీ జప్తు చేస్తే
ఈ వీధి కాకుల్ని కూడా కట్టుకెళ్ళాలయ్యా."
గుమాస్తా గడప దాటాకే ఫైలు తీశాడు.

మంచివాడనను.
ఫ్రిజ్జు పట్టుకెళ్ళాడు. బండి పట్టుకెళ్ళాడు.
నా సంతకంలో వొత్తు తప్పిందని
మళ్ళీ పెట్టించాడు.
ఫ్రిజ్జులోంచి తీసిన నిన్నటి పులుసు గిన్నె
నా చేతుల్లోనే ఉండిపోయింది,
చల్లగా, కాసేపు.

మా ఆయన లేచి "ఎవరొచ్చారే?" అన్నాడు.
నేల మీద నాలుగు తుప్పు మరకలు చూసి
ఇంకేం అడగలేదు.
ఫోను మోగుతోంది. ఆ కుర్రాడే.
మోగనీ.

గోడకవతలనుంచి మంగతాయారు:
"వదినా, ఎల్లిపోయారా?
ఆ రిమోటు ఇలా పడేద్దూ,
చెవులు పోతన్నాయి."