కరెంటు లేని అరగంట

దేవరకొండ తొవ్వల
పత్తి మిల్లు గేటుకాడ నా కొలువు.
రాత్రి ఎనిమిదికి ఎక్కుడు, పొద్దున ఆరింటికి దిగుడు.
కుర్చీకి మూడు కాళ్లు సక్కగున్నయి,
నాలుగోదానికి ఇటుక.

గోడ పక్క జాగ ఉత్తగనే ఉన్నదని
ఒక్కొక్కటి తెచ్చి నాటిన.
నందివర్ధనం మా చెల్లె ఇంటికాడి కొమ్మ.
మధుమాలతి బ్యాంకు గోడ మీదికెల్లి తుంచుకొచ్చింది.
కరివేపాకు ఏదో పిట్ట ఏసిన గింజ.
జిల్లేడు నేను పెట్టలే,
ఎవరన్న పెడితే మొలిసే జాతా అది!

పగటి సంగతులు ఇద్దమ్మకే ఎరుక.
ఆమె పగలు ఊడుస్తది, నేను రాత్రి కాస్త.
ఆరింటికి గేటు తాళంతోటి
ముచ్చట గుడ చేతులు మారుతది.
"ఇయ్యాల జిల్లేడు మీద ఇటుకపొడి రంగువి ఏడు,
రెక్కల అంచులకు కాటుక.
కరివేపాకు మీద పిట్టరెట్ట అనుకొని దులపబోతే
నెత్తిమీదికెల్లి ఎర్రకొమ్ములు దీసి
నన్నే బెదిరిచ్చింది బొంతపురుగు,
మురిగిన నిమ్మకాయ కంపు!"
"కూరలకు నాలుగు రెబ్బలన్న మిగిల్చిందా?"
"మిగిల్చింది. అదేమన్న సేటా?"

నా లెక్క రాత్రివి.
నందివర్ధనం ఆకు కింద
చిటికెనేలంత పచ్చపురుగు,
తోకకు కొమ్ము, మెడకాడ రెండు నీలికండ్లు.
ఉత్తుత్తి కండ్లు, భయపెట్టెతందుకు.
ఈ ఖాకీ అంగీ
నేను గుడ అందుకే తొడుక్కున్న.

దినాం తిన్నది. టార్చి ఏస్తే ఆగేది,
బంజేస్తే మళ్ల నమిలేది.
ఒకనాడు రంగు మాడి, కిందికి దిగి
ఎండాకులల్ల సొచ్చింది.
అక్కడ చీపురు పెట్టొద్దని ఇద్దమ్మకు చెప్పిన.
ఎందుకని అడగలే ఆమె.

ఇంక అది రెక్కలతోటొచ్చిన రాత్రి
మధుమాలతి కొత్తగుత్తి తెల్లగ ఇచ్చుకున్నది.
పువ్వు మీద వాలలే.
కదిలే బస్సు కిటికీల చేతులు పెట్టి
చాయ్ అందుకునేటోని లెక్క
గాలిల నిలవడే తాగింది,
ఒక్కో పువ్వుకు ఒక్క గుటక.
రెక్కల మీద పసరు ఆరకముందే
ఎవరో వేలితోటి గీతలు గీసినట్టున్నది.

అయితే గోదాము ముంగట నీలిలైటున్నది.
లైటు కింద టబ్బు, టబ్బుల సబ్బునీళ్లు.
పత్తిల గులాబిపురుగు లేదా,
దాని తల్లులు వచ్చి పడాలెనని.
పడతయి. గింజంత బూడిద రెక్కలు.
పడాలె గుడ!
నా రెండెకరాలు తిన్నది ఆ జాతే.
కాయ పలగ్గొడితే దూది లేదు,
లోపల పసిపిల్ల గోరు రంగుల
మెసులుతున్నది.
ఆ యేడే ఈ కుర్చీ.

కని లైటుకు ఏమెరుక,
ఎవని పేరు మీద పెట్టిండ్రో!
తెల్లారి టబ్బుల, బూడిదవాటి నడిమిట్ల
పచ్చది వెడల్పుగ పరుచుకొని తేలుతున్నది.
రెండేళ్లతోటి ఎత్తి ఆకు మీద పెట్టిన.
రెక్కల పొడి నా వేళ్లకే అంటింది.
ఆకు మీదికెల్లి జారి పడ్డది.

అప్పటిసంది
మధుమాలతి వాసన గట్టిగ కొట్టే యాళ్లకు
లేచి పోయి స్విచ్చు బంజేస్త.
ఆ అరగంట బూడిదవి గుడ బతుకుతయి.
నాకెరుకే.
ఏ చేన్లకు పోయి గుడ్లు పెడతయో
చీకట్ల కూసొని లెక్కగట్టలేను.
అది నా చేను కాదని గుడ అననస్తలే నాకు.
కుర్చీల కూసుంటే ఇటుక కదులుతది.

రిజిష్టర్ల మాత్రం సక్కగ రాస్త:
తొమ్మిదిన్నర నుంచి పది దాక కరెంటు లేదు.
మొన్న సేటు అద్దాలు పైకి జరిపి అడిగిండు,
"రోజు గదే టైముకు పోతదేంది సైదులూ?"
"లైన్‌మన్‌ను అడగాలె సార్."

పొద్దున ఇద్దమ్మ టబ్బు ఎత్తి
లోపలికి తొంగి చూసింది.
నా దిక్కు చూసింది.
సబ్బునీళ్లు గేటు బయట పారబోసి,
మంచినీళ్లు పట్టి టబ్బు కడిగి
ఆ నీళ్లు తెచ్చి
నందివర్ధనం మొదట్ల పోసింది.