ఇరవై ఏడు మిల్లీబార్లు

రౌమాలో నవంబరు. మూడున్నరకే చీకటి.
టవరు మూత విప్పగానే
మాడిన పైన్ జిగురు వాసన.

ఓస్మో ఒక రింగు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు,
నల్లగా, పుచ్చిన పన్నులా.
"వీటినైతే బకెట్లతో తోడి కడుక్కోవచ్చు.
నీ రేకులు పూడితే ఏం చేస్తావ్?"

సెయ్యా కాగితం తిప్పి చూపింది:
పైన నాలుగు మిల్లీబార్లు. కింద ముప్పై ఒకటి.
ఇరవై ఏడు, ఆవిరి దారిపొడుగునా కట్టిన సుంకం.
ఆ సుంకానికే అడుగున వేడి ఎక్కుతుంది,
ఆ వేడికే నూనె మాడి తారవుతుంది,
ఆ తారే నీ రింగుల్ని మింగుతోంది.

ఓస్మో మాట్లాడలేదు.
ఆమే పూర్తిగా గెలవలేదు:
అడుగు రెండు మీటర్లు వెడల్పు జాలీకి వదిలేసింది,
మడ్డి చేరేది అక్కడే కనక.

పై గేజీ చూడ్డానికి ఎక్కారు.
మూడో మెట్లవరస దగ్గర ఓస్మో ఆగాడు,
కమ్మీ పట్టుకుని. ఐదో దగ్గర మళ్లీ.
సెయ్యా చేతితొడుగు ఊడదీసి
మళ్లీ తొడుక్కుంది, తీరిగ్గా.

"రేకులే తెప్పించు," అన్నాడు చివరికి.
మాట తెల్లటి ఆవిరై కాసేపు నిలిచింది.
"పైకి పోయేదానికి
దారిలోనే ఇంత ఖర్చవకూడదు."