తరుగు

గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమస్తాని.
బస్తాకింత తరుగు కొట్టడం
నిద్రలో కూడా వచ్చు నాకు.

ప్రభువుకిచ్చినా అంతే.
ఆదివారంలో మధ్యాహ్నం తరుగు,
ప్రార్థనలో ఫోను మోగినంత తరుగు,
క్షమించిన వాళ్లలో మా తమ్ముడు ఆమోసు తరుగు.
మిగిలిందే నికరమని రాసుకున్నాను.

నిన్న నల్లచెరువు కూడికలో
తొడిమలు తీసే కరుణమ్మ,
వేళ్లింకా మండుతున్నాయేమో, చేతులు జోడించలేక
విప్పే ఉంచి,
గొంతులో ఘాటు దిగక దగ్గుతూ అంది:
"అయ్యా, ఈ దగ్గుతో సహా తీసుకో."

గోనెసంచి బరువైనా తీసెయ్యలేదు ఆవిడ.

రాత్రి మోకరించాను.
మొదట ఆమోసు పేరే వచ్చింది.
తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.
కళ్లు మాత్రం మండాయి.
చొక్కా నిండా మిరప దుమ్ము.