కాలరు లోపలి పేరు

సాల్మియాలో డిసెంబరంటే
ఏసీ ఆపేసిన గదిలో కొత్తగా వినపడే గోడగడియారం.
సెలవులకి ముందు ఏడో తరగతికి వ్యాసం ఇచ్చాను:
‘నేను ఎవరికి రుణపడి ఉన్నాను?’
ముప్పైరెండు పుస్తకాలు.
అమ్మకి, నాన్నకి, దేవుడికి,
ఒకడు మాత్రం వైఫైకి.
నవ్వొచ్చి ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.
నన్నడిగితే నేనూ ఖాళీ కాగితమే ఇస్తానేమో.

మొగల్తూరు దగ్గర మా పేటలో
పండక్కి వారం ముందే వెదురుబద్దల నక్షత్రం లేచేది.
రంగుకాగితానికి డబ్బుల్లేని ఏడు
మావయ్య సిమెంటు సంచి కాగితం అతికించాడు.
లోపల బుడ్డిదీపం పెడితే
కంపెనీ పేరు వెలిగింది, తలకిందులుగా.

మా అమ్మ దీనమ్మ అప్పటికే ఇక్కడ, ఈ కువైట్‌లో,
ఎవరింట్లోనో, ఎవరి పిల్లకో తల దువ్వుతోంది.
నాకు పేలు పట్టాయని
అమ్మమ్మ కత్తెర పెట్టి బోడి చేసింది ఆ నెలలోనే.

అట్టపెట్టె వచ్చింది.
నైలాను తాడు, నిడో డబ్బా, గొడ్డలి మార్కు తైలం,
అడుగున మడతపెట్టిన మఖమల్ గౌను, ముదురాకుపచ్చ.
“అమ్మ చేతి వాసనుంటుందే” అంది అమ్మమ్మ.
ముక్కుకి ఆనించుకుని పడుకున్నాను మూడు రాత్రులు.
సాంబ్రాణిలా ఉంది.
అమ్మలా లేదు.

కాలరు లోపల తెల్ల గుడ్డపట్టీ,
దాని మీద నల్లదారంతో ఏవో గీతలు.
ఎడమ నుంచి చదివాను, నాకొచ్చిన చదువు అదే:
ఒక గిన్నె. గిన్నెలో ఒకే ఒక్క మెతుకు.
పక్కన నిలబడ్డ కర్ర.
ఆ తర్వాతవి అర్థం కాలేదు.
మా ఇల్లే గీశారనుకున్నాను.

ఆ గౌనుతో గుడిలో ముందు నిలబడి వాక్యం చెప్పాను.
చెమట. చంకల్లో కుట్టు కోస్తోంది. అందరూ చూశారు.
ఆ ఒక్క పూట నేను లేనివాళ్ళ పిల్లని కాను.
ఆ పూటే, అమ్మ లేదని గట్టిగా తెలిసింది కూడా.

ఈ ఊరొచ్చి టీచరునయ్యాక
అరబిక్ చెప్పే మైసూన్ నాకు అక్షరాలు నేర్పింది.
ఒక మధ్యాహ్నం నా చేతిలో చాక్‌పీసు
తనంతట తనే గిన్నె గీసింది, కర్ర గీసింది,
మిగిలిన వంకరలూ గీసింది.
“కుడి నుంచి చదవాలి” అని నవ్వింది. “హనాన్.”
అంటే ఏమిటన్నాను.
ఇంగ్లీషులో మాట కోసం వెతుక్కుని, దొరక్క,
లేని పిల్లని ఒళ్ళోకి తీసుకున్నట్టు
చేతులు చూపించింది.

ఈ ఊళ్ళో నాకు నలుగురు హనాన్లు తెలుసు.
బ్యాంకు కౌంటరులో ఒకరు, పళ్ళ డాక్టరు,
పేరెంట్స్ మీటింగుకొచ్చే ఇద్దరు.
ఎవరినీ అడగలేదు. ఏమని అడగను?
మీ జడలు వేసిన చేతులు నావి కావాల్సినవనా?
మీరు విడిచిన బట్టే నా పండగనా?
అమ్మ బతికుండగా అడిగితే
“మంచిపిల్లే. అన్నానికే ఏడిపించేది” అంది.
అంతే.

నిన్న ఆయా మస్తాన్‌బీ
రాయచోటికి పంపే పెట్టె కట్టుకుంటూ వచ్చింది.
“ఎవురిదో స్వెట్టరు మేడం,
యాడాదిగా అడిగినోళ్ళు లేరు. తీసుకుందునా?”
తీసుకోమన్నాను. ఒక్క రాత్రికి నాకిమ్మన్నాను.
ఉతికాను. బాల్కనీలో ఆరేశాను.
రేపు చర్చి కాంపౌండులో
మలయాళం వాళ్ళ ఆరాధన అయ్యాక మాకు హాలిస్తారు,
చీర ఇస్త్రీ కాలేదు ఇంకా.

మెడ దగ్గర ఎవరిదో పేరు.
కుట్టు విప్పబోయి ఆగాను.
దాన్ని అలాగే ఉంచి
కింద ఇంకో పట్టీ కుట్టాను,
రిజ్వానా అని, తెలుగులో,
ఎడమ నుంచి కుడికి,
తనంతట తను చదువుకునేటట్టు.