నౌక గుమ్మం

గురువారం పదకొండింటికి అంకెలు వస్తాయి.
పదేళ్లుగా, రెండువేల ఆరొందల ఎపిసోడ్లుగా
నా గురువారాలకి ఇంకో పని లేదు.

ఒకటి పాయింట్ నాలుగు.
పోయిన వారం ఒకటి పాయింట్ ఆరు.
మధ్యలో జారిపోయిన ఆ కాస్తలో
ఎన్ని ఇళ్లు రిమోట్ నొక్కాయో,
ఎవరు అన్నం వార్చడానికి లేచి వెళ్లారో
అంకె చెప్పదు.

ముంబయి నుంచి ఫోన్:
"మూడు వారాలు. ముగించండి."
ఆయన గొంతులో కోపం లేదు.
కరెంటు బిల్లు కట్టమన్నట్టు ఉంది.

వలసరవాక్కంలో, టైర్ల గోడౌను వెనక,
రేకుల షెడ్డులో ఉంటుంది మా నౌక.
ప్లైవుడ్డు, థర్మాకోలు, పాత ఇడ్లీ రేకులు,
ప్రతి ఆషాఢానికీ రెండు డబ్బాల వెండిరంగు.
నక్షత్రాలంటే నల్లగుడ్డకి పొడిచిన చిల్లులు,
వెనక ట్యూబులైట్లు.
ఒక నక్షత్రం ఎప్పుడూ వణుకుతుంది. చోక్ మార్చాలి.
ఆ వణికేదాని పేరేమిటని
అనకాపల్లి నుంచి ఎవరో ఉత్తరం రాశారు.
మా రచయిత భుజంగం వెంటనే పేరు పెట్టాడు,
దానికో శాపం తగిలించాడు,
ఆ శాపం మీద ఎనభై ఎపిసోడ్లు లాగాడు.
ఇక చోక్ మార్చే వీల్లేకపోయింది.

నౌక తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.
అంటే, అటొకడు ఇటొకడు తాడు లాగుతారు.
దురైక్కణ్ణుది కుడి తాడు. చేరినప్పుడు మీసం లేదు.
మొన్న కూతుర్ని ఎల్కేజీలో చేర్చాడు
తాడు డబ్బులతోనే.

సీరియళ్లన్నీ హైదరాబాదు వెళ్లిపోయాయి.
అత్తలు, కోడళ్లు, వాళ్ల పట్టుచీరల బీరువాలు
లారీలెక్కి, నెల్లూరు మీదుగా.
మేం ఉండిపోయాం.
ఊరిమీద ప్రేమ అనుకుంటారు అందరూ.
ఏకాంబరం మేస్త్రి నౌకని షెడ్డు లోపలే కట్టాడు.
షెడ్డు గుమ్మం పదకొండడుగులు. నౌక పద్నాలుగు.
ఆకాశమంతా తిరిగింది గాని
ఆర్కాట్ రోడ్డు మీదికి రాలేదు.

ఎవరూ అడగరు గాని, దాన్ని దిగనివ్వనిది నేనే.
నాలుగు గ్రహాలు కనిపించాయి వాళ్లకి.
నాలుగుసార్లూ ఎర్ర పెన్నుతో కొట్టేశాను.
దిగితే ఇక కథేముంది, అన్నాను.
దిగితే ఇసక కావాలి, ఆకాశం కావాలి,
రోజుకి లక్షాపాతిక, అనలేదు.
కెప్టెన్ వేషం వేసే మందాకిని
ఒకసారి నా గదికొచ్చి కూర్చుంది:
"మేడమ్, ఒక్కటంటే ఒక్క సీను
నేలమీద నడిచేది ఇప్పించండి.
ఊగుతూ నటించీ నటించీ
ఇంట్లో కూడా గోడ పట్టుకుంటున్నాను."
నవ్వేసి, రోజుకి మూడొందలు పెంచాను.

భుజంగం మూడు ముగింపులు తెచ్చాడు.
నౌక పేలిపోతుంది. లేదా అంతా కల.
లేదా కెప్టెన్ పెళ్లి,
మంగళసూత్రానికి స్పాన్సరు కూడా సిద్ధం.
అవతల ఏకాంబరం రంపం పక్కన పెట్టుకుని
నౌక కడుపు తట్టి చూస్తున్నాడు
ఎక్కణ్ణుంచి కోస్తే తేలికో.

షట్టరు ఎత్తండి, అన్నాను.

చివరి రోజు, మధ్యాహ్నం. సెట్టు లైట్లు ఆర్పేశారు.
తాళ్లు లాగారు. నౌక తలుపు తెరుచుకుంది.
షెడ్డు షట్టరు కీచుమంటూ లేచింది.
అవతల అసలు ఎండ.
టైర్లు, మెట్రో తవ్విన గుంట, నీళ్ల లారీ,
దాని నీడలో పడుకున్న కుక్క.
మందాకిని గుమ్మంలో ఆగింది.
కాలు కింద పెట్టింది.
గోడ కోసం చెయ్యి చాచి,
గోడ లేక, చెయ్యి దించుకుని,
నడిచింది.

ఫ్రేము దాటేసింది. డైరెక్టరు నా వైపు చూశాడు.
నేనేం మాట్లాడలేదు.
హెల్మెట్ చంకలో పెట్టుకుని
టీ బంకు దాకా వెళ్లిపోయింది.
బంకాయన తలెత్తకుండానే అడిగాడు
చక్కెర ఎంత వెయ్యాలని.

ఈ ముక్క ఎడిటింగులో ఉంచనిస్తారో లేదో.
లోపల దురైక్కణ్ణు
ఇంకా తాడు పట్టుకునే ఉన్నాడు.
వదిలితే మూసుకుంటుందట.