చెవి గుర్తు

లెర్విక్‌లో వకీలు ఆఫీసుకి పన్నెండు మెట్లు.
నాన్న పైకే లెక్కపెట్టాడు,
ఏడు దగ్గర ఆగి, కిందికి చూసి,
మళ్లీ ఒకటి నుంచి.

మిస్ హాల్‌క్రో ఆయనకి కుర్చీ చూపించింది,
నాకు తలుపు.
“ఏమనుకోకు ఓస్లా, చట్టం అంతే.
నువ్వు పక్కనుంటే
అది నీ మాటో ఆయన మాటో నేనెలా తేల్చను?”

నడవాలో తడికోట్ల వాసన.
ఉండుండి దగ్గే పాత హీటరు.
తలుపు పలచన. వినకూడదనే కూర్చున్నాను.

“ఇవాళ ఏ రోజు, లౌరీ గారూ?”
“ఓడ ఆలస్యమైన రోజు.”
పెన్ను ఏదో రాసుకున్న చప్పుడు.
“మీ గొర్రెల గుర్తు?”
ఇక ఆయన్ని ఆపేదెవరు!
కుడిచెవి కొస కత్తిరింపు, వెనకవైపు అరచందమామ,
ఎడమ చెవికి నిలువు చీలిక, ముందర చిన్న గంటు,
తాత తండ్రి నాటిది,
జేమీసన్ వాళ్లదానికీ మాదానికీ ఆ గంటొక్కటే తేడా,
ఆ గంటు మీదే రెండిళ్లకీ పదకొండేళ్లు మాటల్లేవు.

పొద్దున్న ఏ బూటు ఏ కాలికో
నన్నడిగిన మనిషి.

రాత్రి వంటింటి బల్ల మీద కాగితాలన్నీ చదివాను.
ఆస్తికో భాగం, ఒంటికో భాగం.
ఆస్తి తేలికే: పదహారు గొర్రెలు, ఒక పడవ,
పోట్లాడుకోవడానికి చాలనంత డబ్బు.
ఒంటి సంగతే.
ఏ మంచం, ఏ మందు,
ఎవరు స్నానం చేయించాలి,
ఎప్పుడు ఇక చాలనాలి.
అక్కడ పెన్నుకి మూత పెట్టేశాను.
తమ్ముడు గిబ్బీ సముద్రం మీది ఆయిల్ రిగ్ నుంచి
“నువ్వే చూసుకో” అన్నాడు.
రెండంటే రెండు మాటలు, గాలిహోరులో,
ఎంత చవగ్గా వచ్చాయో.

“మీకు చేతకానప్పుడు మీ సంగతులు
ఎవరి చేతిలో పెడతారు?”
“బయట కూర్చుందే, ఆ పిల్ల.”
“పేరు?”

హీటరు దగ్గింది.
నా పేరు నా పళ్లకిందే ఉంది,
అందించడానికి వీల్లేదు.
పరీక్షహాల్లో పక్కవాడికి జవాబు చెప్పబోయే పిల్లలా
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“ఏప్రిల్లో మంచు పడుతోంది” అన్నాడు నాన్న.
“గొర్రెకి కడుపులో పిల్ల అడ్డం తిరిగింది.
నా చెయ్యి పట్టదు, పెద్దది.
దానికి తొమ్మిదేళ్లు. లోపలికి చెయ్యి పెట్టి,
కళ్లు మూసుకుని, తిప్పింది.
ఏడవలేదు. తర్వాత ఏడ్చింది.
ఆ పిల్ల.”

కాసేపాగి, దారిలో పడిపోయిన చేతితొడుగు
దొరికినంత మామూలుగా,
“ఓస్లా.”

సంతకంలో మొదటి అక్షరం నిటారుగా నిలబడింది.
మిగతావి అలల మీద వెళ్లాయి.
కాగితాలు ఫాల్‌కర్క్ వెళ్లి రావాలి, నెలలు పడుతుంది,
“అప్పటిదాకా నువ్వు ఊరికే కూతురివి”
అని నవ్వింది మిస్ హాల్‌క్రో.
నాకూ నవ్వొచ్చింది. మెట్ల మీద ఆగిపోయింది.

రేవు పక్కన చిప్స్ కొట్టు.
“ఉప్పు చాలా, వెనిగర్ కూడానా?”
కౌంటరు పిల్ల నన్నే అడుగుతోంది,
ఆయన టోపీ మీదుగా.

“ఆయన్నడుగు.”

నాన్న బోర్డు వైపు చూశాడు,
చేపల ధరలు మొదలుకొని
ఒక్కో వరసా చదువుతున్నాడు.
మా వెనక ఆరుగురు, సగంమంది వానలో.
నేను పక్కకి జరగలేదు.
ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.